ఏటిమొగలో ఉప్పు కొలిచిన ఏళ్లు

జువాలజీలో ఎమ్మెస్సీ అయ్యాక బెజవాడలో కొన్నాళ్లు ఖాళీగా కూర్చున్నాను. తొంభైల చివర్లో ఒక పరిశోధన ప్రాజెక్టులో ఉద్యోగం దొరికింది. కృష్ణ సముద్రంలో కలిసే మొగ దగ్గరికి నెలనెలా వెళ్లి, నదిలోకి ఉప్పు ఎంత దూరం ఎక్కి వస్తోందో కొలవాలి. రొయ్యలు, చేపలు, మడచెట్లు ఎలా ఉన్నాయో చూసి రాయాలి. పైన నీళ్లన్నీ కాలువలకూ జలాశయాలకూ మళ్లిపోయి కిందికి వచ్చేది తగ్గిపోతోంది కదా, ఆ తగ్గడం వల్ల మొగ ఏమవుతోందన్నది ప్రశ్న.

మా నాన్నకు ఆటోనగర్‌లో లారీ రేడియేటర్లు బాగుచేసే షెడ్డు ఉండేది. "సముద్రం ఉప్పగా ఉంటుందని చెప్పడానికి నీకు జీతమిస్తారా?" అని నవ్వాడు. అమ్మకు మాత్రం నవ్వు రాలేదు. పెళ్లికావలసిన పిల్ల పడవెక్కి ఎక్కడెక్కడో తిరగడమేమిటని వారం రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. నది అడుగునుంచి నీళ్లు తియ్యడానికి ప్రత్యేకమైన సీసా కావాలని, అది కొనడానికి ప్రాజెక్టులో వీలులేదని నేను దిగులుపడుతుంటే, నాన్నే ఇత్తడి గొట్టానికి రెండు వైపులా రబ్బరు మూతలు బిగించి, తాడు లాగితే టప్పున మూసుకునేలా చేసిచ్చాడు. అమ్మ దాన్ని చూసి, "మీరూ మీరూ ఒకటయ్యారు," అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

తెల్లవారి బస్సెక్కితే పామర్రు, చల్లపల్లి, అవనిగడ్డ దాటుకుంటూ నాగాయలంక చేరేసరికి ఎండ ఎక్కేది. అక్కడ రేవులో ఒక మొగుడూ పెళ్లాల పడవ మాకు కుదిర్చారు. ఆయన ఇంజను దగ్గర కూర్చునేవాడు, మాట తక్కువ మనిషి. ఆమె ముందువైపు గెడ పట్టుకుని నిలబడేది. నలభై దాటి ఉంటాయేమో. మొదటి రోజు నేను "ఏమండీ" అని పిలిస్తే, "అదేం పిలుపమ్మా, పిన్నీ అనండి. మా ఆయన్ని బాబాయ్ అనండి, లేకపోతే ఆయన పలకడు," అంది. అప్పట్నించి వాళ్లు నాకు పిన్ని, బాబాయ్. నేను మాత్రం ఎన్నేళ్లయినా వాళ్లకి అమ్మాయిగారే.

నేను చేసేది చాలా చిన్న పని. అడుగునుంచీ పైనుంచీ నీళ్లు తీసి, ఒక చుక్క చిన్న గొట్టంలాంటి పరికరం కొసనున్న అద్దం మీద వేసి, మూత పెట్టి, వెలుతురువైపు తిప్పి కంటికి ఆనించుకుంటే లోపల నీలం రంగు ఒక గీత దగ్గర ఆగుతుంది. గీత ఎంత పైనుంటే అంత ఉప్పు. పిన్నికి కూడా ఒకసారి చూపించాను. ఒక కన్ను మూయడం చేతకాక చేత్తో కప్పుకుని చూసి, "లోపల ఆకాశం ఉందమ్మా," అంది.

మొదటి ఏడు వానలు బాగా పడ్డాయి. శ్రావణంలో పైనుంచి ఎర్రనీళ్లు వచ్చాయి. మొగ దాకా నది కాఫీ రంగులో ఉంది. అద్దంలో గీత అడుగుకు పడిపోయింది. పిన్ని దోసిటితో నీళ్లు తీసుకుని నోట్లో పోసుకుంది. "తియ్యగున్నయ్యి. ఇంక రొయ్య దిగుద్ది," అంది. తర్వాతి రెండు ప్రయాణాల్లోనూ నా వలలో వెంట్రుకలంత సన్నటి రొయ్యపిల్లలు కుప్పలుగా పడ్డాయి. గాజు పళ్లెంలో పోస్తే వాటి కళ్లు మాత్రమే నల్లటి చుక్కల్లా కదిలేవి. వాటిని లెక్కపెడుతూ లాబ్‌లో కూర్చుంటే నాకు చెప్పలేని సంతోషంగా ఉండేది. పిన్ని వాళ్లకు ఆ శీతాకాలం బాగా జరిగింది. పాటు సమయంలో నీళ్లు సముద్రంలోకి లాగుతున్నప్పుడు, నదిలో పాతిన తాటి గుంజలకు కట్టిన వలల్లో రొయ్య నిండేది. మాకు పడవలోనే రొయ్యల కూర, అన్నం. నేను మా ఇంట్లో ఆ రుచి ఎప్పుడూ తినలేదు.

రెండువేల సంవత్సరం దాటాక ఎగువ వానలు మొహం చాటేశాయి. శ్రావణం వచ్చింది, గీత కిందికి దిగలేదు. భాద్రపదం వచ్చింది, దిగలేదు. నేను అద్దం తుడిచి మళ్లీ పెట్టాను. పరికరం చెడిపోయిందేమోనని బిందెలో తెచ్చిన తాగేనీళ్లు వేసి చూశాను. పరికరం బాగానే ఉంది.

మరుసటి ఏడు ఇంకా ఘోరం. సముద్రంలో ఉండాల్సిన జెల్లీ చేపలు నాగాయలంక రేవు దగ్గరికి వచ్చేశాయి. వల లాగితే అవే, జావలాగా. వాటిని విదిలించి విదిలించి బాబాయ్ చేతులు బొబ్బలెక్కాయి. గుంజలకు సముద్రంలో పెరిగే గవ్వల్లాంటి పెంకులు అంటుకోవడం మొదలుపెట్టాయి, అంతకు ముందు ఎప్పుడూ లేనంత ఎగువన. మడచెట్ల ఆకుల కొసలు పసుపు తిరిగి, లోపలి వైపు చెట్లు నిలబడే ఎండిపోయాయి. పిన్ని వాళ్ల లంకలో ఇసకలో చెలమ తవ్వితే ఒకప్పుడు మంచినీళ్లు ఊరేవి. ఆ ఏడు చెలమ నీళ్లతో కాచిన టీ విరిగిపోయింది. "ఏమనుకోకండమ్మా," అంటూ పిన్ని ఆ టీ పారబోసింది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ప్రతి నెలా గీత చూసి నేను అంకె చెప్పగానే పిన్ని అడిగేది. "ఇప్పుడు చెప్తారు కదండీ వాళ్లకి? ఎప్పుడు వదులుతారంట?"

ఆమె దృష్టిలో నన్ను పంపించిన వాళ్లూ బెజవాడ బ్యారేజి గేట్లు తెరిచేవాళ్లూ ఒకటే. కొలవడానికి మనిషిని పంపించారంటే ఇవ్వడానికే కదా అని ఆమె నమ్మకం. కాదని చెప్పబోయి ఎన్నోసార్లు ఆగిపోయాను. మా ప్రాజెక్టు సారు రిటైర్మెంటుకు దగ్గరపడిన పెద్దమనిషి. ఆయన ప్రతి మూడు నెలలకూ నివేదిక పైకి పంపేవారు. అందినట్లు జవాబు వచ్చేది. "మన పని చూడ్డం వరకేనమ్మా. చూసింది చూసినట్టు రాయడం," అనేవారు. కోపంగా కాదు, తనకు తాను చెప్పుకుంటున్నట్టు.

ఒక ఎండాకాలం చివర పిన్ని, "ఆ గేట్లు ఒకసారి నాకు చూపించండి అమ్మాయిగారూ. అక్కడున్న ఆఫీసరుగారికి నేనే చెప్పుకుంటాను," అంది. నేను సారుని బతిమాలాను. ఆయన తెలిసిన ఇంజనీరు గారితో మాట్లాడి కలవడానికి వీలు చేశారు. పిన్ని, బాబాయ్ ఇద్దరూ బెజవాడ వచ్చారు. ఆఫీసుకు వెళ్లే ముందు బ్యారేజి మీదికి తీసుకెళ్లాను.

వంతెనకు ఎగువవైపు నీళ్లు కొండల దాకా నిండుగా ఉన్నాయి. కాలువలకు అందాలంటే ఆ మట్టం ఉండాల్సిందే. రెండోవైపు ఇసక. కనుచూపు మేర ఇసక. అక్కడక్కడా గుంటల్లో బర్రెలు పడుకుని ఉన్నాయి. కొంచెం అవతల ఎవరో క్రికెట్ ఆడుకుంటున్నారు. పిన్ని ఒకవైపు చూసింది, రోడ్డు దాటి రెండోవైపు చూసింది, మళ్లీ ఇటు వచ్చింది. లారీలు హారన్ కొడుతూ పోతున్నాయి.

"ఇన్ని నీళ్లున్నయ్యే," అంది.

బాబాయ్ పిట్టగోడ పట్టుకుని కింద ఇసకలోకే చూస్తూ నిలబడ్డాడు. "పద," అన్నాడు చివరికి. ఆ రోజు ఆయన మాట్లాడింది దాదాపు అదొక్కటే.

ఇంజనీరు గారి గది బయట బెంచీ మీద మాకంటే ముందు ఒక రైతు కూర్చుని ఉన్నాడు. పామర్రు దగ్గర ఊరట. తలపాగా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఆయన కాలువ చివరి రైతు. నారుమడి పోసి నీళ్ల కోసం చూస్తున్నానని చెప్పి, మీరెందుకొచ్చారని పిన్నిని అడిగాడు.

"నీళ్ల కోసమే బాబూ. కిందికి కాసిన్ని వదలమని అడగడానికి."

"కింద మీకు పొలాలున్నాయా?"

"లేవు బాబూ. మాది మొగ. రొయ్యలు."

ఆయనకు అర్థం కాలేదు. "సముద్రం ఉంది కదమ్మా పక్కనే. అన్ని నీళ్లు పెట్టుకుని మళ్లీ ఈ నీళ్లెందుకు మీకు? నారు ఎండిపోతా ఉంటే సముద్రంలో పోయమంటారా?"

పిన్ని నావైపు చూసింది. నేను చెప్పాలని ఆమె ఉద్దేశం. నేను చెప్పాను. మంచినీళ్లు వచ్చి ఉప్పు తగ్గితేనే రొయ్యపిల్ల నదిలోకి వస్తుందని, మడచెట్లకు అవి కావాలని, సముద్రంలోకి పోయే నీళ్లు వృథా కావని. పాఠం అప్పజెప్పినట్టు చెప్పుకుపోయాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. నిజంగానే విన్నాడు.

"సరే తల్లీ. మరి మీకు వదిలితే మా నారు సంగతేంటి?"

ఆ నారు నా కొలతల్లో ఎక్కడా లేదు. పిన్ని, "మీకివ్వొద్దని మేమెందుకంటాం బాబూ," అంది మెల్లగా. ఆయన తల ఊపాడు. ఇద్దరూ ఒకే బెంచీ మీద చెరో చివర కూర్చున్నారు. కాసేపయ్యాక ఆయన తన సంచిలోంచి అరటిపళ్లు తీసి బాబాయ్‌కి రెండు ఇచ్చాడు.

ఇంజనీరు గారు మంచివారే. అందర్నీ కూర్చోబెట్టి మాట్లాడారు. "ముందు తాగునీళ్లు, తర్వాత పంట. దాని తర్వాత నా చేతిలో ఏమీ మిగలదమ్మా. పైనుంచి రాకుండా నేనెక్కడనుంచి తెచ్చి వదలను? వస్తే ఆపమన్నా ఆపను, అది మాత్రం నమ్మండి," అన్నారు. రైతుకీ అదే జవాబు. బయటికొచ్చాక పిన్ని, "వస్తే ఆపనన్నారు కదండీ," అంది. ఆ మాట ఒక్కటే తన వెంట ఊరికి తీసుకెళ్లింది.

నీళ్లు వచ్చాయి. మరుసటి ఏడు ఎగువ వానలు ఒక్కసారిగా దంచికొట్టి, జలాశయాలన్నీ నిండి, బ్యారేజి గేట్లన్నీ ఎత్తేశారు. ఆ వార్త పేపర్లో చూడగానే నాకు కాళ్లు నిలవలేదు. బ్యారేజి మీద జనం తిరనాళ్లలాగా నిలబడి చూస్తున్నారు. నేనూ వెళ్లి చూశాను. ఇసక కనిపించడం లేదు, అంతా నురగ. ఆ చప్పుడులో పక్కవాళ్ల మాట వినిపించదు. పిన్ని మొహం ఎలా ఉంటుందో ఊహించుకుంటూ ఇంటికి వచ్చాను.

రోడ్లు తెరిచిన వెంటనే నాగాయలంక వెళ్లాను. బాబాయ్ పడవ తీశాడు. పిన్ని మామూలుగానే గెడ పట్టుకుంది. మొదటి చోట నీళ్లు తీసి చూశాను. గీత అడుగున ఉంది. రెండో చోటా అంతే. మొగ దాకా అంతే. నాలుగేళ్లుగా చూడాలనుకున్న అంకె అది. "సున్నా పిన్నీ! అసలు ఉప్పే లేదు!" అని అరిచాను.

ఆమె నవ్వలేదు. అప్పుడు చూశాను నేను. నదిలో గుంజలు లేవు. ఒక్కటీ లేదు. మేం ఏ గుంజ దగ్గర ఆగి నీళ్లు తీసేవాళ్లమో ఆ చోట్లు కూడా బాబాయ్ అంచనా మీద ఆపుతున్నాడు. చుట్టుపక్కల వాళ్లందరి గుంజలూ, వలలూ ఒక్క పూటలో సముద్రంలోకి కొట్టుకుపోయాయట. లంకలో ఇళ్లలోకి నడుము లోతు నీళ్లొచ్చాయట. వీళ్లు స్కూలు డాబా మీద ఉన్నారు.

పిన్నే అంది. "మనం అడిగినయ్యేనమ్మా. అన్నీ ఒక్కసారే ఇచ్చారు."

నా మీద నిష్ఠూరం లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండేదేమో. నేను సీసాల మీద చీటీలు అంటించాను. చెయ్యడానికి అంతకంటే ఏమీ కనిపించలేదు.

ఆ శీతాకాలం మొగలో రొయ్య బాగా పడింది. నా పళ్లెంలో మళ్లీ నల్లటి చుక్కలు కదిలాయి. గుంజలు, వలలు మళ్లీ సమకూర్చుకోగలిగిన కొద్దిమందికి బాగా దొరికింది. పిన్ని వాళ్లు సమకూర్చుకోలేకపోయారు. నివేదికలో నేను క్లుప్తంగా రాసింది, వరద తర్వాత రొయ్యపిల్లల సంఖ్య పెరిగిందని. అది నిజమే. సారు చదివి, "ఎవరికి పెరిగిందో రాయడానికి మన పట్టికలో చోటు లేదు కదమ్మా," అన్నారు. ఆయన రిటైరయ్యారు. ప్రాజెక్టు కాలం పొడిగించలేదు. నేను మైలవరంలో ఒక జూనియర్ కాలేజీలో లెక్చరర్‌గా చేరాను. పెళ్లయింది.

కొన్నేళ్ల తర్వాత అవనిగడ్డ వైపు ఒక స్నేహితురాలి ఇంట్లో శుభకార్యానికి వెళ్తూ పామర్రులో బస్సు మారాల్సి వచ్చింది. సెంటర్ దాటి కొంచెం లోపలికి చేపల అంగడి ఉంది. ఒక కత్తిపీట వెనకాల పిన్ని. ముందు బొచ్చె, శీలావతి, అన్నీ చెరువు చేపలు. నన్ను చూసి చేతులు కడుక్కుని లేచింది.

"అమ్మాయిగారూ! లావయ్యారే, బాగుంది. పిల్లలా?"

"ఒక పాప, పిన్నీ. బాబాయ్ ఎలా ఉన్నాడు?"

చేపల చెరువు దగ్గర కాపలా ఉంటున్నాడట. పడవ ఎప్పుడో అమ్మేశారట. "చెరువు గట్టు మీద ఆయనకి నిద్ర పట్టదమ్మా. నీళ్లు కదలట్లేదంటాడు. మందులు వాడితే తగ్గుతుందేమో మీరు చెప్పండి," అని నవ్వింది. మొగ దగ్గరికి వెళ్తుంటారా అని అడిగాను. ఆయన ఎప్పుడైనా ఎవరి పడవలోనో పోయి వస్తాడని, ఏం చూశాడో చెప్పడని అంది.

"మీరేమన్నా విన్నారా? ఇప్పుడు నీళ్లు సరిగ్గా వదులుతున్నారంటా, కొంచెం కొంచెంగా?"

నాకు తెలియదు. ఆ సంగతి చూడటం నా పని కాకుండా పోయి చాలా కాలమైంది. తెలియదన్నాను. ఎవరో వచ్చి శీలావతి తియ్యమన్నారు. పిన్ని పీట మీద కూర్చుని పొలుసు గీయడం మొదలుపెట్టింది. కాసేపు అక్కడే నిలబడ్డాను. అవనిగడ్డ బస్సు వచ్చిందని ఎవరో కేక వేశారు. "వెళ్లండమ్మా, మళ్లీ దొరకదు," అంది తలెత్తకుండానే. వెళ్లాను.