హారన్ మోగని మలుపు

ఎనభైల మొదట్లో రోడ్ల మీద శబ్దం కొలిచే ఉద్యోగంలో చేరాను. ఒక రోజు వరంగల్ మట్టెవాడలో ఒక ఇరుకు మలుపు దగ్గర మీటరు పెట్టుకుని, నిమిషానికోసారి ముల్లు చూపే అంకె రాసుకుంటున్నాను. లారీలను ఊరి బయట నుంచి మళ్లించాలని అడగడానికి ఆ అంకెలే ఆధారం.

ఎదురుగా చాయ్ కొట్టు నడిపే ఎల్లన్నకు నా పని సగమే అర్థమైంది. చప్పుడైతే నా లెక్క చెడిపోతుందనుకున్నాడు. వచ్చిన ప్రతి బండినీ ఆపి, "సారు సప్పుడు కొలుస్తాండు, జర హారన్ కొట్టకుండ్రి!" అని బతిమాలాడు. ఆ మర్యాదకు మురిసిపోయానే గాని వద్దనలేదు.

పొద్దున అలా చెప్పించుకుని వెళ్లిన లారీ ఒకటి మధ్యాహ్నం తిరిగొచ్చింది. మలుపులో హారన్ కొట్టలేదు. సరిగ్గా అప్పుడే ఎల్లన్న నాకోసం చాయ్ పట్టుకుని రోడ్డు దాటుతున్నాడు.

"ఆయ్నే కొట్టొద్దన్నడు సార్!" అని డ్రైవర్ నెత్తి బాదుకున్నాడు. దవాఖానకు చేరేలోపే ఎల్లన్న ప్రాణం పోయింది.

సాయంత్రం కాగితం తీసి చూశాను. ఎల్లన్న రోడ్డు మీదికి అడుగు వేయడానికి సరిగ్గా ముందు నేను రాసిన అంకె, ఆ రోజు మొత్తంలో అతి తక్కువ.

"కొట్టనియ్ ఎల్లన్నా" అని ఒక్క మాట అనుంటే, ఆ అంకె పెరిగేది.