పూత రాని ఏడాది

చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. ముప్పై ఏళ్ళు హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పినవాణ్ణి, నాకు లోకం మొత్తం వెనక బెంచీలాగే కనిపించేది. మా నాన్న గుడిలో అర్చకుడు. హారతి కళ్ళకద్దుకునేటప్పుడు దేవుణ్ణి డబ్బూ దస్కం అడక్కురా, బుద్ధి అడుగు అని చిన్నప్పుడే నేర్పాడు. రోజూ అడిగేవాణ్ణి. అడిగాను కాబట్టి ఇచ్చే ఉంటాడని నమ్మకం కూడా.

రిటైరయ్యాక ఆగిరిపల్లి దగ్గర మూడెకరాల మామిడి తోట కొన్నాను. తోటతో పాటే అందులో పాక వేసుకుని ఉంటున్న కాపలా మనిషీ, ఆయన భార్యా వచ్చారు. వయసులో ఆయన నాకంటే పదేళ్ళు పెద్ద. అయినా నేను "ఏమోయ్" అనే పిలిచేవాణ్ణి.

ఆ ఏడు కార్తీకం వెళ్ళేసరికి ఆకులు వడలినట్టు కనిపించాయి. చెట్టుకు దాహమైతే ఏమవుతుందో నాకు తెలీదా? మోటారు వేసి పాదులన్నిటికీ నీళ్ళు పెట్టమన్నాను. ఆయన తలగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"వద్దండయ్యగారూ. పూత ముందు చెట్టు నీళ్ళు లేకుండా బెట్టలో ఉండాలండి. ఇప్పుడు నీళ్ళు తాగితే చిగురేసుద్దండి, పూత రాదు."

"నీకు చదువొచ్చా?"

"రాదండి."

"మరి నోరు మూసుకుని చెప్పింది చెయ్యి."

మర్నాడు వెళ్ళేసరికి మోటారు ఆగి ఉంది. ఆపింది తనేనని దాచకుండా చెప్పాడు. చెట్లు ఎండిపోతాయన్న భయం కంటే నా మాట కాదన్నాడన్న కోపమే ఎక్కువ, ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. సామాను సర్దుకోమన్నాను. పాతికేళ్ళుగా ఉన్న పాక ఖాళీ చేసి, ముసలాళ్ళిద్దరూ ఆటోలో రెడ్డిగూడెం, కూతురింటికి వెళ్ళిపోయారు. నేను దగ్గరుండి పది రోజులు నీళ్ళు పెట్టించాను.

పుష్యమాసం వచ్చేసరికి చుట్టుపక్కల తోటలన్నీ పూతతో ఘుమఘుమలాడుతున్నాయి. నా తోట నిండా రాగి రంగు చిగుళ్ళు. దారిన పోయేవాళ్ళు బండి ఆపి, ఎంత బాగుందో అని ఫోటోలు తీసుకున్నారు. పూత చూసి కాపు బేరమాడదామని నూజివీడు నుంచి వచ్చిన వ్యాపారి మాత్రం ఒక్కసారి తలెత్తి చూసి, బండి స్టార్ట్ చేశాడు. నాకు ఏడుపొచ్చింది. నేను అడిగిన బుద్ధిని దేవుడు పంపించాడు. తలగుడ్డ చేత్తో పట్టుకుని నా ఎదురుగానే నిలబడింది. నేనే వెళ్ళగొట్టాను.

ఫాల్గుణంలో రెడ్డిగూడెం వెళ్ళాను, క్షమించమని అడుగుదామని. బస్సులో ఆ మాటే పదిసార్లు అనుకున్నాను. ఆయన జబ్బుపడి మంచం మీద ఉన్నాడు. నన్ను చూసి లేవబోయి, లేవలేకపోయాడు. పక్కింట్లోంచి నాకు కుర్చీ తెప్పించారు.

"పూత రాలేదంటగదండి," అన్నాడు. తలూపాను.

"తప్పు నాదేనండి. మీకు చెప్పకుండా మోటారు ఆపేశా. మీ కాళ్ళు పట్టుకునైనా ఒప్పించాల్సింది. నాకు చాతకాలేదండి. క్షమించండయ్యగారూ."

ఆయన కళ్ళల్లో వెటకారం ఉందేమోనని వెతికాను. లేదు. నిజంగానే అలా అనుకుంటున్నాడు. అంతటి వినయం చదివితే వచ్చేది కాదు, దేవుడు ఇవ్వాల్సిందే. నాకు ఇవ్వలేదు. ఇచ్చి ఉంటే, బస్సులో అన్నిసార్లు అనుకున్న మాట అప్పుడైనా నోట్లోంచి వచ్చేది. ఆయన భార్యా కూతురూ నా ముఖంలోకే చూస్తుంటే, నేనన్న మాట ఇది:

"సరేలే. అయిందేదో అయింది."

ఆయన రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. ఆ దణ్ణం తీసుకుని, వాళ్ళిచ్చిన టీ తాగి వచ్చేశాను. వానలు పడకముందే ఆయన పోయాడు, తప్పు తనదేననుకుంటూ.