తగలబడకూడని మడి

గడ్డి మాస్టారికి అగ్గిపుల్ల గీయడం రాదు. అదేమంత లోపమా అంటారేమో, పరిశోధన క్షేత్రంలో ఆయన ఉద్యోగమే గడ్డి తగలబెట్టడం. ఏ కాలంలో కాలిస్తే గడ్డి చస్తుందో, ఏ కాలంలో కాలిస్తే మళ్లీ చిగురిస్తుందో చూడ్డానికి నెలకో మడికి నిప్పు పెట్టాలి. పెట్టెడు పుల్లలు విరగ్గొట్టి, చివరికి కంచె దగ్గరికొచ్చి నిలబడేవాడు.

"పిన్నిగారూ, ఒక్క పుల్ల గీసి పెట్టండి."

కంచెకివతల ఇంట్లో పిన్నిగారు ఒక్కతే ఉండేది. భర్త పోయాక ఆ ఇంట్లో మనిషి గొంతు వినబడలేదు. మాట్లాడే పనిలేక, పాలవాడు పలకరిస్తే గొంతు సవరించుకుంటేగాని మాట పెగిలేది కాదు. మాస్టారు పిలిస్తే మాత్రం విసుక్కుంటూనే గబగబా చెప్పులేసుకునేది.

"ఇంత చదువు చదివి ఇదేం ఖర్మ నాయనా?"

"మా చదువులో అగ్గిపెట్టె లేదండీ."

ఆవిడ పుల్ల గీసేది. ఇద్దరూ తడిగోనెలు పట్టుకుని మంట పక్క మళ్లలోకి పాకకుండా కాపలా కాసేవారు. ఎండాకాలం మడి చిటికెలో బూడిదయ్యేది, తొలివానకే చిగుళ్లు పొడుచుకొచ్చేవి. వానాకాలం మడి ఒట్టి మొండిఘటం. పచ్చిగడ్డి పొగబెట్టి ఏడిపించేది, కాలాక సరిగా లేచేదీ కాదు. అది కాలేసరికి పొద్దుగూకేది. పిన్నిగారికి ఆ మడంటేనే ప్రాణం. కళ్లు మండుతున్నా కబుర్లు ఆగేవి కావు.

ఓసారి పైఅధికారి వచ్చి, నెలనెలా కాల్చింది చాలు, ఇక ఏడాదికొక్కసారి కాల్చమన్నాడు. ఆఖరి మడి రోజున పిన్నిగారు పిలవకముందే బయల్దేరింది. మళ్ల పక్కనున్న పాకలో మాస్టారు, ఆ ఈదురుగాలిలో, ఒంటిచేత్తో పుల్ల గీసి టీ పొయ్యి ముట్టిస్తున్నాడు. ఆవిడ చప్పుడు చేయకుండా ఇంటికెళ్లి కూర్చుంది.

"పిన్నిగారూ, పుల్ల వెలగట్లేదండీ."

"వస్తున్నా నాయనా," అంది, మళ్లీ చెప్పులేసుకుంటూ.

ఆ తర్వాత పిలుపు లేదు. పిన్నిగారు రోజంతా కంచె వంకే చూసేది. ఇక ఏడాది దాకా తనతో ఎవరికీ పనిలేదని దిగులుపడేది. అలాంటిది, ముసురు పట్టిన ఓ సాయంత్రం మాస్టారు గొడుగేసుకుని వచ్చాడు.

"ఇంకేం తగలబెడతావు? అన్నీ అయిపోయాయిగా."

"అసలు కాల్చకుండా వదిలేసిన మడి ఒకటుందండీ, మిగతావాటితో పోల్చడానికి. అది తగలబడకుండా చూడాలి. నా ఒక్కడివల్ల కాదు."

పిన్నిగారు ఆ మడి వంక చూసింది. పిండితే బిందెడు నీళ్లొచ్చేలా ఉంది.

"ఎన్నాళ్లు చూడాలి?"

"రోజూ సాయంత్రం చూడాలండీ. గడ్డి కదా, నమ్మడానికి లేదు."

"నిజమే," అంది పిన్నిగారు లోపలికి నడుస్తూ. "ఉండు, రెండు కుర్చీలు తెస్తాను."