మావయ్య వదులుకున్న క్వార్టరు

మొన్న మంగళవారం పొద్దున రైల్వే ఆసుపత్రిలో మావయ్య పోయారు. రక్తసంబంధం ఏమీ లేదు. వర్క్‌షాపులో నాన్నతో కలిసి పనిచేసిన ఫిట్టరు. ఇద్దరూ బావా అంటే బావా అని పిలుచుకునేవారు, కాబట్టి మాకు మావయ్య. కబురు వినగానే నాకు ఏడుపు కన్నా ముందు కోపం వచ్చింది. ఆ కోపం ఇంకా తగ్గలేదు.

నేను పుట్టకముందు మా రెండు కుటుంబాలూ ఈ రైల్వే ఊళ్లో, పూరీ గేట్ అనే రైలుగేటు దగ్గర ఒకే పాకను అద్దెకు తీసుకుని, మధ్యలో గోనెపట్టా కట్టుకుని ఉండేవట. రైల్వే క్వార్టర్ల జాబితాలో మావయ్య పేరు పైన, నాన్న పేరు దాని కింద. ఇల్లు ముందు మావయ్యకే వచ్చింది. ఆయన ఆఫీసుకు వెళ్లి, "నాకొద్దు బాబూ, నా కిందాయనకిచ్చీండి. ఆళ్లావిడ నెలలు నిండిన మనిసి" అని సంతకం పెట్టేసి వచ్చారు.

మన తెలుగు జిల్లాల నుంచి ఈ పరాయి ఊరికి పని కోసం వచ్చినవాళ్లకు ఇందులో వింత లేదు. వీధికుళాయి దగ్గర కడుపుతో ఉన్న మనిషిని ముందుకు పంపి, వెనకాల తమ చోటులో తాము నిలబడేవాళ్లు. జాబితా కూడా కుళాయి వరసలాంటిదే అనుకున్నారాయన. వద్దన్నవాడి పేరు అట్టడుక్కి పోతుందని ఎవరూ చెప్పలేదు. ఆయన అడగనూ లేదు!

అలా నేను రెండు గదులూ సొంత కుళాయీ ఉన్న క్వార్టరులో పుట్టాను. మావయ్య పాకలోంచి ఒక అద్దెగదికి, అక్కణ్ణుంచి ఇంకో అద్దెగదికి మారుతూనే ఉన్నారు. నెలకోసారి సైకిలు మీద ఆఫీసుకు వెళ్లి జాబితా చూసుకుని, తిరుగుదారిలో మా ఇంటికొచ్చేవారు.

"ఏటయింది అన్నయ్యా?" అని అమ్మ అడిగేది.

"పేరున్నాదమ్మా. ఇల్లే నేదు" అని నవ్వేవారు.

ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్లు మండేది. నవ్వేసి ఊరుకునేవారా, మా కిటికీ రెక్క బిగించి, కుళాయికి వాషరు మార్చి మరీ వెళ్లేవారు. ఎనిమిదో తరగతిలో ఉండగా ఒకసారి ఉండబట్టలేక, "వెళ్లి దెబ్బలాడొచ్చు కదా మావయ్యా!" అన్నాను.

"ఎవులితోనే గుంటా? సంతకం ఎట్టింది నానే కదా."

"మరి తప్పు చేసినట్టు అనిపించదా?"

"నువ్వు ఆ పాకలో పుట్టాలా ఏటి?"

కానీ నాన్నను మాత్రం క్షమించలేకపోయాను. ఆ ఇల్లు మనం తీసుకోవాల్సింది కాదని ఆయన ఒక్కనాడూ అనలేదు. పోయినేడు మావయ్య రిటైరయ్యారు. జాబితాలోంచి పేరు కొట్టేశారు.

మంగళవారం ఆసుపత్రి నుంచి శవాన్ని రిక్షాబండి మీద తెస్తే, అద్దెగది యజమాని గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు. అద్దెకున్నవాళ్ల శవాన్ని లోపల దింపనివ్వడట. అత్తయ్య నడివీధిలో బండి పట్టుకుని నిలబడిపోయింది. నాన్న బండిని మా క్వార్టరు వైపు తిప్పించారు.

ముందుగదిలో చాప వేసి పడుకోబెట్టాం. పక్క క్వార్టరులో కొత్తగా దిగినాయన కంగారుగా వచ్చి, "ఎవులు బాబూ పోయింది?" అని అడిగాడు.

"ఈ ఇంటాయన" అన్నారు నాన్న.

లోపలికి రమ్మని అమ్మ రెండుసార్లు పిలిచింది. నాన్న చెప్పులు చేత్తో పట్టుకుని గుమ్మం బయటే నిలబడి ఉన్నారు.