వట్టివేళ్ల తడిక

దయ్యాల కథలు చెప్పేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండేది. బతికున్నవాళ్లు పెట్టే బాధలు చాలవా, చచ్చినవాళ్లను కూడా పిలవాలా అనేదాన్ని. ఇప్పటికీ నమ్మను. కానీ పంతొమ్మిది వందల అరవై దాటిన కొత్తలో, తాండూరులో మేము అద్దెకున్న ఇంట్లో జరిగింది మాత్రం జరిగింది.

గోడలు, కప్పు, నేల అన్నీ బండలే. ఎండాకాలం ఆ ఇల్లు పెనంలా కాలేది. మా అత్తమ్మకు ఆయాసం. తల్లి కష్టం చూడలేక మా ఆయన హైదరాబాదు నుంచి వట్టివేళ్ల తడిక తెచ్చి, కిటికీ చువ్వలకు లోపలి వైపు కట్టాడు. నీళ్లు చల్లితే చల్లటి గాలి, కమ్మటి వాసన. చల్లే పని నాది. అత్తమ్మ మంచం దాని పక్కకే జరిపించుకుంది.

రెండో ఏడు దానికి బూజు పట్టింది. నల్లగా, ముట్టుకుంటే జిగటగా, ఛీ, ముక్కిపోయిన కంపు. అత్తమ్మకు ఆయాసం ఎక్కువైంది. తీసేద్దామని ఎంత మొత్తుకున్నానో!

"నా కొడుకు నాకోసం తెచ్చిండని నీ కండ్లు మండుతున్నయే," అనేది ఆమె. "అమ్మ మనసు కష్టపెట్టకు," అనేవాడు ఈయన. ఆ వేసవిలోనే, ఆ తడిక పక్కనే, ఊపిరాడక ఆమె పోయింది.

ఆమె బట్టలు, పరుపు చాకలికిచ్చాం. తడిక మాత్రం అమ్మ యాది అంటూ ఈయన అటక మీద దాచాడు. మళ్లీ ఎండలు ముదరగానే దులిపి అదే కిటికీకి కట్టాడు. ఈసారి ఆ మంచంలో నా నాలుగేళ్ల బిడ్డ. వారం తిరగకుండానే పిల్లకు దగ్గు, గొంతులో పిల్లికూతలు.

"నా బిడ్డను గూడ చంపుతవా?" అని అరిచాను.

"ఎండల ఆరేసిన గద! బూజు యాడుంది? చచ్చినంక గూడ మా అమ్మ మీద కోపమేనా?" అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం ఆయన పనికి పోయాక, లోపల గడియ పెట్టి బిడ్డ పక్కన కునుకు తీశాను. లేచేసరికి కిటికీ బోసిగా ఉంది. తడిక బయట వాకిట్లో, చుట్టచుట్టి, గోడకు ఆనించి ఉంది. లోపలి గడియ పెట్టింది పెట్టినట్టే ఉంది.

చుట్టకు కట్టిన తాడుకు ఉన్నది అత్తమ్మ ముడి. అత్తమ్మ యాలాల్ వైపు గొర్లకాపరుల ఆడపిల్ల. గొర్రెపిల్ల ఎంత గుంజుకున్నా మెడ బిగియకుండా వేసే ముడి ఒకటుంది. మూటకైనా, మంచానికైనా ఆమె అదే వేసేది. నేర్పమంటే "నీ చేతులకు రాదు పో," అని కసిరింది. బడికి పోయి పెరిగిన ఆమె కొడుక్కీ అది రాదు.

సాయంత్రం ఈయన వచ్చి ఆ ముడిని చాలాసేపు తడిమాడు. "నువ్వే కట్టినవ్," అన్నాడు. కానీ తడికను తనే తీసుకుపోయి కాల్చేశాడు. బిడ్డకు పిల్లికూతలు తగ్గాయి.

ఈరోజుకీ అది నా పనే అంటాడు. అననీ. ఎవరు తీశారో నాకు మాత్రం అంతుపట్టలేదు. ఒకవేళ ఆమే అయితే, ఏం మనిషివి అత్తమ్మా! పోయాకగానీ నా మాట వినబుద్ధి కాలేదా? ఒక్క ఏడు ముందు విని ఉంటే, నీ మనవరాలికి జడ నువ్వే వేసేదానివి కదా.