ఏడు ఫ్యాన్లూ బయటికే

ముందు ఆ షాపతన్ని తిట్టాలి. తిట్టకుండా ఈ సంగతి మొదలుపెట్టడం నా వల్ల కాదు. మేడ్చల్‌లో హైవే పక్కన, అద్దాల వెనక రంగురంగుల లైట్లు వెలిగించుకుని కంప్యూటర్లు బిగించి అమ్ముతాడు. కొనడానికి వెళ్లిన రోజు నన్ను అడిగిన మొదటి మాట, మీ తమ్ముడు ఏ గేమ్ ఆడతాడు అని. నాకు తమ్ముడు లేడు. ఆడేది నేనే అంటే, జోక్ చేస్తున్నాననుకుని నవ్వాడు. అప్పుడే లేచి వచ్చేయాల్సింది. రాలేదు, నా బుద్ధి తక్కువ.

ఆటలు ఆడతాను, అందులో దాచేదేముంది? కానీ అంత పెద్ద గ్రాఫిక్స్ కార్డున్న మిషన్ కొన్నది ఒక్క ఆటల కోసం కాదు. ఇంకా కట్టని ఇంటిని కట్టేసినట్టు వీడియో చేసి చూపించడం నా పని. గేటు తెరుచుకుని హాల్లోకి నడిచి, వంటిల్లు చూసి, బాల్కనీలో నిలబడినట్టు ఉంటుంది. కండ్లకోయలో ఇంజనీరింగ్ చదివి, అక్కడే ఒక ఆఫీసులో రెండేళ్లు ఫోన్లు ఎత్తి, ముక్కూ మొహం తెలియని వాళ్ల చేత తిట్లు తిని, ఆ ఉద్యోగం మానేసి గౌడవెల్లిలో మా ఇంటి ముందు గదిలో ఈ పని మొదలుపెట్టాను. నాగారంలో కాలనీ వేస్తున్న ఒక బిల్డర్ నన్ను నమ్మి మొదటి ఇంటి వీడియో పని ఇచ్చాడు. శుక్రవారం సాయంత్రానికి వీడియో అందితే కాలనీలోని ఇళ్లన్నీ నాకే. అందకపోతే ఇంకొకరికి. అప్పుడు మళ్లీ ఆ ఫోన్ల ఆఫీసు హెడ్‌సెట్ తగిలించుకోవడం తప్ప ఇంకో దారి లేదు. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు.

సరిగ్గా ఆ వారమే మిషన్ మొరాయించింది. గీసిన ఇంటిని వీడియోగా మార్చాలంటే, అంటే రెండరింగ్ చేయాలంటే, గ్రాఫిక్స్ కార్డు గంటల తరబడి పూర్తి బలంతో పనిచేయాలి. ఏప్రిల్ ఎండ, పైన రేకులు. మొదలుపెట్టిన గంటకల్లా వేడి తొంభై డిగ్రీలు దాటేది, ఫ్యాన్లు పిండిగిర్నీలా మోగేవి, ఉన్నట్టుండి తెర నల్లబడేది. వీడియో సగంలో తెగిపోయి దేనికీ పనికిరాకుండా పోయేది. సోమవారం మూడుసార్లు అలాగే జరిగింది.

మంగళవారం పొద్దున ఆ డబ్బాను ఒళ్లో పెట్టుకుని ఆటోలో షాపుకి పోయాను. అతను దాన్ని విప్పను కూడా లేదు. ఆన్ చేసి, పైన చెయ్యి పెట్టి, గాలి మస్తుగా వస్తాందన్నాడు. ఏడు ఫ్యాన్లు పెట్టానని, ఇంతకంటే ఎవరూ పెట్టరని, తప్పంతా ఎండదేనని చెప్పాడు. నేను రెండరింగ్ అంటుంటే అతను గేమ్ అంటాడు. నేను వేడి ఎంతుందో కాగితం మీద రాసుకుపోయి చూపిస్తుంటే ఆ కాగితం వైపు చూడడు. చివరికి తీర్పు చెప్పినట్టు చెప్పాడు.

"గేమ్స్ జర తక్కువ ఆడు చెల్లె. మిషన్ దానంతట అదే సల్లవడ్తది."

ఒళ్లు మండిపోయింది. పోనీ నేనే విప్పి చూసుకుందామంటే, డబ్బా పక్కనున్న అద్దం మీద వాళ్ల స్టిక్కర్ ఉంది. అది చిరిగితే వారంటీ పోతుందని వెళ్లేటప్పుడు గుర్తు చేసి మరీ పంపించాడు. తను విప్పడు, నన్ను విప్పనివ్వడు. ఇదెక్కడి న్యాయం?

మా బాపు శామీర్‌పేట దాటాక ఒక కోళ్ల ఫారంలో పనిచేస్తాడు. తెల్లవారకముందే బండి మీద పోయి మధ్యాహ్నానికి వస్తాడు. ఆ రోజు వచ్చేసరికి నేను మిషన్‌తో, షాపతనితో, ఎండతో ఒకేసారి కొట్లాడుతున్నాను. బాపు నా వెనక కాసేపు నిలబడ్డాడు. తర్వాత వంగి మిషన్ చుట్టూ అరచెయ్యి తిప్పి చూశాడు.

"గాలి లోపలికి వస్తలేదు బిడ్డా," అన్నాడు.

నేను తల కూడా తిప్పలేదు. "ఇదేం కోళ్ల షెడ్డు గాదు బాపూ. నీకు తెల్వని దాంట్ల ఏలు వెట్టకు."

బాపు చెయ్యి తీసేసి, కాళ్లు కడుక్కోవడానికి బావి దగ్గరికి పోయాడు. నేను మళ్లీ పనిలో పడ్డాను. ఆ మాట అన్నానన్న సంగతి కూడా సాయంత్రానికి గుర్తు లేదు.

బుధవారం కూలర్ ముందు పెట్టాను. తేమకి ఎక్కడ పాడైపోతుందోనని భయపడి మళ్లీ తీసేశాను. మిషన్‌ని కిటికీ దగ్గరికి జరిపాను. మా అవ్వ విసనకర్ర తెచ్చి విసిరింది, పాపం. ఏం చేసినా అదే గంట, అదే నల్ల తెర. గురువారం మధ్యాహ్నం మరోసారి ఆగిపోయాక కుర్చీలోనే కూర్చుని ఏడ్చాను. దుఃఖం కాదు, ఉక్రోషం. వీడియో తయారు కావడానికి కావలసిన గంటలు లెక్కేసుకుంటే, అప్పుడు మొదలుపెడితేనే శుక్రవారానికి అందుతుంది.

బాపు అప్పుడే డ్యూటీ దిగి వచ్చాడు. దేవుడి గూట్లోంచి అగరుబత్తి తీసి వెలిగించుకొచ్చి, మిషన్ ఆన్ చేయమని సైగ చేశాడు. వాళ్ల పెద్ద షెడ్లలో గాలి ఎటు పోతోందో అలాగే చూస్తారట. షెడ్డుకి ఒక కొసన పెద్ద ఫ్యాన్లు గాలిని బయటికి లాగుతాయి, రెండో కొసన తడి ప్యాడ్లలోంచి చల్లగాలి లోపలికి రావాలి. రెండూ ఉంటేనే కోళ్లు బతుకుతాయి.

అగరుబత్తిని మిషన్ పైన పట్టుకుంటే పొగ పైకి ఎగిరింది. వెనక పట్టుకుంటే వెనక్కి పోయింది. పక్కన మూడు ఫ్యాన్లున్న చోట పట్టుకుంటే, లోపలికి పోవలసిన పొగ బాపు మొహం మీదికి కొట్టింది. అద్దం అంచున సన్నటి సందులో మాత్రం దారంలా లోపలికి దూరింది.

"ఏడుకు ఏడు బయటికే ఊదుతున్నయి బిడ్డా. లోపలికి వచ్చెటందుకు తొవ్వేది?"

స్టిక్కర్ చింపేశాను. వారంటీ పోతే పోనీ. విప్పి చూస్తే అంతా తెలిసిపోయింది. ఈ లైట్ల ఫ్యాన్‌కి అందమైన ముఖం ఒకటి, నల్లటి పుల్లలూ వైర్లూ ఉండే వీపు ఒకటి ఉంటాయి. గాలి ముఖం వైపు నుంచి దూరి వీపు వైపు నుంచి బయటికి వస్తుంది. పక్క ఫ్యాన్లు గాలిని లోపలికి తోయాలంటే వాటి వీపు లోపలికి ఉండాలి, అద్దంలోంచి ఆ వీపే కనబడుతుంది. అది బాగుండదని మూడింటినీ తిప్పి బిగించాడు మహానుభావుడు! లైట్ల కోసం మిషన్‌కి ఊపిరాడకుండా చేశాడు.

ఇంకొకటి కూడా చెప్పాలి, చెప్పడం కష్టమే అయినా. బిగించే రోజు అతను నన్ను అడిగాడు, లైట్లన్నీ అద్దంలకెల్లి కనబడాల్నా అని. నేను కనబడాల్సిందే అన్నాను. ఫోన్‌లో వీడియో తీసి స్టేటస్ కూడా పెట్టుకున్నాను.

బాపు స్క్రూలు అరచేతిలో పట్టుకుని నిలబడ్డాడు, నేను మూడు ఫ్యాన్లూ తిప్పాను. అద్దంలోంచి ఇప్పుడు వైర్లు కనబడుతున్నాయి. కనబడనీ. మళ్లీ మొదలుపెడితే వేడి డెబ్బై దగ్గర ఆగింది, గంట దాటింది, రెండు దాటాయి, ఆగలేదు. శుక్రవారం మధ్యాహ్నం వీడియో పూర్తయింది. పంపించిన కాసేపటికే బిల్డర్ ఫోన్ చేసి, మిగతా ఇళ్ల ప్లాన్లు సోమవారం వచ్చి తీసుకొమ్మన్నాడు.

ఆ ఊపులోనే షాపతనికి ఫోన్ చేసి కడుపులో ఉన్నదంతా కక్కేశాను. అంతా విని, సీలు చింపినవా మరి, అన్నాడు. ఫోన్ పెట్టేశాను.

బాపు అన్నం తింటున్నాడు. పక్కన కూర్చుని, మంగళవారం అలా అనకుండా ఉండాల్సింది అని చెప్పాను. పర్వాలేదంటాడనుకున్నాను. చేతిలో ముద్ద కంచంలో పెట్టేసి చెప్పాడు.

"పోయిన ఎండకాలం ప్యాడ్ల దిక్కు పరదా దించి మర్సిపోయిండ్రు. గాలి వస్తలేదు సారూ అని సూపర్‌వైజర్‌కు చెప్పిన. దాణా ఏసెటోనివి, దాణా ఏసుకో అన్నడు. పొద్దుమూకే వరకు షెడ్డుల సగం కోళ్లు సచ్చినయి. అన్నీ నేనే ఎత్తి గుంతల వోసిన."

ఆ రోజు మాకు గుర్తుంది. కోళ్లకి రోగం వచ్చిందని చెప్పి, అన్నం తినకుండా పడుకున్నాడు. ఎందుకు చెప్పలేదు బాపూ అని అడిగాను.

"చెప్తె ఎవలింటరు బిడ్డా," అని చెయ్యి కడుక్కోవడానికి లేచాడు.

నా నోటి నిండా ఆ సూపర్‌వైజర్‌ని తిట్టే మాటలున్నాయి. ఒక్కటీ బయటికి రాలేదు. అతను అన్న మాటే మంగళవారం నేనూ అన్నాను, అదీ తల కూడా తిప్పకుండా.