యాభై నాలుగు మెట్ల పాట

పరుపులమ్మకి పాట రాదు. గిట్టనివాళ్ళు అన్న మాట కాదిది, ఆమె తానే గర్వంగా చెప్పుకునేది. నలభై ఏళ్ళు దూది ఏకి, పరుపులు కుట్టి, ఒంటిచేత్తో కొడుకుని పెంచిన మనిషికి కూనిరాగాలు తీసే తీరిక ఎక్కడిది? అలాంటిది అరవై రెండో ఏట గోడకి వీపు ఆనించి రాగం తీయాల్సి వచ్చింది. వినేవాళ్ళ ఖర్మ.

సంగతేమిటంటే, ఇన్నేళ్ళ దూది నుసి ఆమె ఊపిరితిత్తుల్లో కాపురం పెట్టింది. ఒకరోజు ఊపిరాడక ఆసుపత్రి పాలైంది. పది రోజులకి ఇంటికి తెచ్చినప్పుడు ఇద్దరు మనుషులు కుర్చీలో కూర్చోబెట్టి మూడో అంతస్తుకి మోసుకొచ్చారు. లిఫ్టు లేని ఇల్లు, యాభై నాలుగు మెట్లు. దిగితే మళ్ళీ ఎక్కలేనన్న భయంతో ఐదు నెలలుగా ఆమె గడప దాటలేదు. బాల్కనీలో నిలబడితే వీధికి అవతల తన దుకాణం కనిపిస్తుంది. ఆమె దగ్గర పని నేర్చుకున్న ఇద్దరు ఆడవాళ్ళు ఇప్పుడు దాన్ని నడుపుతున్నారు. దూది జోలికి వెళ్ళొద్దన్న డాక్టరు మాట ఆమె కాదనలేదు. గుమ్మంలో నిలబడి కుట్టు బాగాలేదని తిట్టడానికి దూది ముట్టుకోనక్కర్లేదు కదా అని ఆమె వాదన.

కొడుకు సిటీ బస్సు డ్రైవరు. ఊరికి ఆ చివర, మెట్లు లేని ఇల్లొకటి చూశాడు. నెలాఖరుకి ఖాయం చేస్తానని ఆ ఇంటాయనకి మాటిచ్చాడు.

"అక్కడైతే వాకిట్లో కుర్చీ వేసుకుని హాయిగా కూర్చోవచ్చమ్మా."

"కూర్చుని ఎవర్ని చూడాలి? నాకు తెలిసిన మొహం ఒక్కటైనా ఉందా అక్కడ?"

"ఇక్కడ మాత్రం ఎక్కడికెళ్తున్నావు?"

 మాట పడి ఊరుకోవడం ఆమెకి అలవాటు లేదు. "నెలాఖరు లోపు నేనే దిగి, నేనే ఎక్కి చూపిస్తే?" అంది. "చూద్దాంలే" అన్నాడు, బొమ్మ కొనిపెట్టమన్న పసిపిల్లతో అన్నట్టు. ఆమెకి ఒళ్ళు మండింది.

వారానికోసారి వచ్చే ఫిజియో అమ్మాయిని పట్టుకుని, మెట్లెక్కే దారి చెప్పమని కూర్చుంది. ఆ అమ్మాయి ఆమె పొట్టమీద చెయ్యి ఉంచి ఊపిరి పీల్చమంది. భుజాలు లేచాయి గానీ పొట్ట కదల్లేదు.

"ఏంటమ్మా, వేడి కాఫీ తాగినట్టు చప్పరిస్తున్నారు?"

అది పనిలో పట్టిన అలవాటు. ముక్కుకి గుడ్డ కట్టుకుని, నుసి లోపలికి పోకుండా పైపైనే పీల్చడం. పూర్తిగా వదిలితే పూర్తిగా పీల్చాల్సి వస్తుందని, వదలడం కూడా సగమే. దుకాణంలో చేరిన ప్రతి మనిషికీ సూది ఇవ్వకముందే ఆమె నేర్పిన పాఠం ఇదే.

"లోపల పాత గాలి నింపుకుని కొత్తది రావట్లేదంటే ఎలా వస్తుంది? ముందు ఖాళీ చెయ్యాలి. పాట పాడితే ఊపిరి నెమ్మదిగా, చివరిదాకా వదలడం వస్తుంది. రోజూ పాడండి."

"పాడితే ఊపిరితిత్తులు బాగవుతాయా?"

"అవ్వవు. ఉన్నవాటిని సరిగ్గా వాడుకోవడం వస్తుంది, అంతే. పీల్చే మందు మాత్రం మానకండి."

ఉన్నమాట చెప్పినందుకు ఆ అమ్మాయి నచ్చింది. కానీ ఏం పాడాలి? ఆమెకి కంఠతా వచ్చినవి పరుపుల కొలతలే. అవే అందుకుంది. "ఆరడుగుల పొడవూ... నాలుగడుగుల వెడల్పూ... అంచుకి రెండు వరసల కుట్టూ..."

మూడోరోజుకి కింద రెండో అంతస్తులో గడియారాలు బాగుచేసే పెద్దాయన తలుపు తట్టాడు. "ఎవరికైనా ఒంట్లో బాగాలేదామ్మా?"

"నాకే. ఇది వైద్యం."

ఆయన సంగతంతా విన్నాడు. చేతి గడియారం విప్పి, ఒక్క ఊపిరిలో ఎంతసేపు పాడగలదో చూపించమన్నాడు. ఆరు సెకన్లు. ఆనాటినుంచి రోజూ సాయంత్రం నాలుగింటికి గడియారంతో హాజరు. ఆరు తొమ్మిదైంది. పాట అయ్యాక మెట్లు, మొదట ఐదు, తర్వాత పది. మధ్యలో జలుబు చేసి మళ్ళీ ఐదు సెకన్లకి పడిపోయింది. ఆ రోజు ఏడ్చింది కూడా. ఏడిస్తే ఊపిరి ఇంకా తగ్గుతోందని తెలిసి మానేసింది. పద్నాలుగు సెకన్లు దాటిన రోజున పెద్దాయన, "ఇప్పుడు కాస్త పాటలాగే ఉంది" అన్నాడు. శుద్ధ అబద్ధం.

నెల చివరి రోజు కొడుకు డ్యూటీకి వెళ్ళగానే ఆమె మెట్లు దిగింది. వీధి దాటి దుకాణం గుమ్మంలో నిలబడింది. లోపల ఇద్దరూ ముక్కులకి గుడ్డలు కట్టుకుని, ఆమె నేర్పినట్టే, భుజాలతో ఊపిరి చప్పరిస్తున్నారు. ఆమె కుట్టు సంగతే ఎత్తలేదు.

"నేను చెప్పింది తప్పు. ఆ గుడ్డలు నుసిని ఆపవు. మంచి మాస్కులు తెప్పించండి, ఏకే చోట గాలి బయటికి లాగే ఫ్యాను పెట్టించండి. ఊపిరి నిండా పీల్చండి, నిండా వదలండి. రేపొచ్చి చూస్తాను."

రేపొస్తానని నోరు జారింది. ఇక ఎక్కక తప్పదు.

ముప్పై మెట్లు బాగానే గడిచాయి. రెండో అంతస్తు చేరేసరికి ఛాతీ బిగుసుకుపోయింది. భుజాలు వాటంతటవే లేచాయి. చప్పరింపు మొదలైంది. తన గుమ్మంలో కూర్చున్న పెద్దాయన లేవబోతే చేత్తో ఆపింది. గోడ పట్టుకుని, పీల్చాలన్న ఆత్రాన్ని బలవంతంగా అణచుకుని, ముందు వదిలింది. "ఆరడుగుల..." అని గాలే వచ్చింది, గొంతు రాలేదు. మళ్ళీ వదిలింది. నాలుగోసారికి గొంతు పలికింది. కాసేపు ఆగి, మిగిలిన మెట్లు ఒక్కొక్కటే ఎక్కింది.

పైన తలుపు దగ్గర, భోజనానికని డ్యూటీ మధ్యలో ఇంటికొచ్చిన కొడుకు. తల్లి ఇంట్లో కనబడక చెమటలు పట్టిన మొహంతో, చేతిలో ఫోనుతో నిలబడ్డాడు.

"ఏదో ఒకరోజు మధ్యలో ఆగిపోతేనో?" అన్నాడు. కోపం కాదు, భయం.

ఆమె గోడకి ఆనుకుని ఊపిరి కుదుటపరచుకుంది. "ఆగిపోతే ఆ మెట్టుమీదే కూర్చుంటాను. ఊపిరొచ్చాక లేస్తాను. రేపు మళ్ళీ దిగాలి, పనుంది."

కొడుకు తల్లిని ఎగాదిగా చూశాడు. తర్వాత ఆ ఇంటాయనకి ఫోను చేశాడు.

"ఇల్లు వద్దులెండి. లేదండీ, ఇబ్బందేం లేదు. మా అమ్మ మెట్లెక్కుతుంది."